మనుమలతో కలిసి పుస్తకం: తాతలు, బాపమ్మలు, అమ్మమ్మలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చాలా ఇండ్ల దగ్గర సాయంత్రం బడి బస్సు కోసం నిలబడేది తాతనో, బాపమ్మనో, అమ్మమ్మనో. తల్లిదండ్రులు పని నుంచి ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఆ మధ్య రెండు మూడు గంటల్లో పావుగంట పుస్తకానికి ఇస్తే చాలు. చదివించే పని బడి చూసుకుంటుంది. కలిసి చదవడం ఇంట్లోనే జరగాలి. కింది జవాబులన్నీ దాని గురించే.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి? రోజూ ఎంతసేపు?

మెడ నిలిచి, ఒళ్లో ఆనుకుని కూర్చునే వయసు నుంచి, అంటే దాదాపు ఆరో నెల నుంచే మొదలుపెట్టవచ్చు. అప్పుడు పుస్తకం ముందు నోట్లోకే పోతుంది. కోప్పడవద్దు, ఆ వయసు కోసమే దళసరి అట్ట పేజీల పుస్తకాలు వేస్తారు. ఏడాదిన్నర పిల్లకు రెండు మూడు నిమిషాలు, మూడేళ్లకు ఐదు నుంచి ఎనిమిది, ఐదారేళ్లకు పావుగంట. ఇది ఉజ్జాయింపు మాత్రమే. పిల్ల లేచి పోయేదాకా లాగకుండా, ఇంకో పేజీ కావాలని అడిగేటప్పుడే ఆపితే రేపు తనే పుస్తకం తెచ్చుకుంటుంది.

రోజూ ఒకే వేళ అయితే మంచిది. బడి నుంచి రాగానే మాత్రం వద్దు. ఏదన్నా తిని, కాళ్లు చేతులు కడుక్కుని, కాసేపు ఆడివచ్చాక కూర్చోండి.

నాకు చదువు రాదు. నేనేం చదివి చెప్పాలె?

బొమ్మలు చదవండి. మాటలే లేని బొమ్మల పుస్తకాలు ఉంటాయి, పేజీకి ఒక్క వాక్యం ఉన్నవీ ఉంటాయి. బొమ్మను చదివే విద్య మన దగ్గర కొత్తది కాదు. చేర్యాల నకాశీ పటం చూడండి. మూరలకొద్దీ పొడవున్న బట్ట మీద వరుసగా గడులు, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం. కథ చెప్పేవాళ్లు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ చూపిస్తూ పాడేవాళ్లు. ముందు కూర్చుని వినేవాళ్లకు అక్షరంతో పనే లేదు. బొమ్మల పుస్తకం పట్టుకున్న బాపమ్మ చేసేదీ అదే.

అయితే పిల్లను పిలిచే ముందు పుస్తకమంతా ఒక్కసారి మీరే తిప్పి చూసుకోవాలి. ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ మొదలైంది, చివరికి ఏమైంది. ఇది చేయకపోతే నాలుగో పేజీలో కుక్క అని చెప్పింది పదో పేజీలో నక్క అని తేలుతుంది, కథ అక్కడ తెగిపోతుంది. తర్వాత పిల్లతో తిప్పేటప్పుడు బొమ్మ మీద వేలు పెట్టి మూడు మాటలు చెప్పండి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఇప్పుడు ఏమైతదో.

చదువు వచ్చినట్టు నటించవద్దు. ఐదారేళ్లకు పిల్లలు పట్టేస్తారు, ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు. "నాకు అక్షరాలు రావు బిడ్డా. బొమ్మ నేను చెప్త, అక్షరం నువ్వు చెప్పు" అనండి. పని ఇద్దరికీ పంచినట్టు అవుతుంది. రెండో తరగతి పిల్లకు తప్పు పట్టకుండా వినే మనిషి దొరకడం ఎంత పెద్ద సాయమో చెప్పలేం. 1948కి ముందు ఉర్దూ మీడియం బడిలో చేరి, తెలుగు నెమ్మదిగా కూడబలుక్కునే పెద్దలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అక్షరాలు కనబడవు, మెడ నొస్తుంది. ఏం చేయాలె?

ఇది అందరూ చెప్పే బాధ, కారణం కూడా తేలికే. చత్వారం అద్దాలను మామూలుగా 35 నుంచి 40 సెంటీమీటర్ల దూరానికి సరిపడేలా ఇస్తారు. మూరెడు కన్నా కొంచెం తక్కువ అనుకోండి. పిల్ల ఒళ్లో ఉంటే పుస్తకం ఆమె ముందు ఉంటుంది, మీ కళ్లకు అరవై సెంటీమీటర్ల దూరం పోతుంది. అక్షరం మసకబారుతుంది. బైఫోకల్ అద్దాలైతే ఇంకో చిక్కు. దగ్గరి చూపు భాగం అద్దంలో కింద ఉంటుంది. పుస్తకం పిల్ల తల పక్క నుంచి పైకి కనిపించేసరికి, ఆ భాగంలోంచి చూడటానికి మీరు గడ్డం ఎత్తి మెడ వెనక్కి వాలుస్తారు. పది నిమిషాలకు మెడ పట్టేస్తుంది.

అందుకని మూడేళ్లు దాటిన పిల్లను ఒళ్లో కాకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. గోడకు ఆనుకుని జంపఖానా మీద కూర్చుని, ఇద్దరి తొడల మీద పడేట్టు ఒక మెత్త పెట్టి దాని మీద పుస్తకం తెరవండి. చూపు కిందికి పోతుంది, మెడ నిటారుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే దివాన్ మీదనో సోఫా మీదనో ఇదే పద్ధతి. నవారు మంచం వద్దు, మధ్యలో కుంగి ఇద్దరూ ఒకరి మీద ఒకరు జారుతారు, పుస్తకం మడతలో పడుతుంది.

వెలుతురు భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి. ఎదురుగా ట్యూబ్‌లైట్ ఉంటే నున్నటి కాగితం మెరిసి సగం పేజీ తెల్లగా కనిపిస్తుంది. పుస్తకాన్ని కొద్దిగా వంచితే ఆ మెరుపు పోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముదురు నీలాన్ని మీరు పదే పదే నలుపు అంటుంటే, మనుమడు "నీలం తాతా, నలుపు కాదు" అని దిద్దుతుంటే, నవ్వి ఊరుకోవద్దు. మోతిబిందు (శుక్లం) వస్తుంటే కంటి కటకం పసుపుబారి నీలం రంగు మందగిస్తుంది. కంటి డాక్టరుకు చూపించుకోండి.

పిల్ల చెప్పేది నాకు సరిగ్గ వినబడదు.

వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేది సన్నని గొంతు. పిల్లల గొంతు సన్ననిదే. బాగా వినబడే చెవి వైపు పిల్లను కూర్చోబెట్టుకోండి. టీవీ పూర్తిగా ఆపండి, శబ్దం తగ్గిస్తే చాలదు. వినికిడి యంత్రం ఉంటే బతుకమ్మ ఆటకే కాదు, దీనికీ పెట్టుకోండి.

ఉన్నది ఉన్నట్టు చదవాలా, మధ్యలో మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. పుస్తకం వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం ఆ మాటల్లోనే ఉంది. పేజీలో ఒక ఇంటి ముందర గంప బోర్లించి ఉంది, పైన మబ్బు, కోడిపిల్లలు ఉరుకుతున్నాయి అనుకోండి. కింద "వాన మొదలైంది. పిల్లలన్నీ గంప కిందికి ఉరికాయి" అని రెండు వాక్యాలు. మూడేళ్ల పిల్లతో మాట ఇట్లా నడుస్తుంది:

"ఇగ చూడు బిడ్డా, ఇక్కడ ఏమైతాంది?"
"వాన."
"ఆఁ, నల్ల మబ్బు పట్టి వానొస్తాంది. మరి కోడిపిల్లలు ఎటు ఉరుకుతున్నయ్?"
"గంపల."
"గంప కిందికి ఉరుకుతున్నయ్. తల్లికోడి ఏది మరి? కనవడ్తలేదు."

ఇక్కడ మనసులో ఐదు లెక్కపెట్టండి. ఏమీ అనకండి.

"ఇగో! తోక కనవడ్తాంది!"

బాపమ్మ చేసింది చూడండి. పిల్ల "వాన" అంటే, ఆ ఒక్క మాటను మబ్బు దాకా పెంచి వాక్యం చేసి తిరిగి ఇచ్చింది. "గంపల" అంటే తప్పు అనలేదు, సరైన మాట తన నోటితో ఒకసారి అనేసి ముందుకు పోయింది. చివరన ఊరుకుంది. పెద్దలు ఎక్కువగా చేసే పొరపాటు ఆ ఊరుకునే చోటే. అడిగి, రెండు సెకన్లలో జవాబు తామే చెప్పేస్తారు. పిల్లకు ప్రశ్న వినడానికి, బొమ్మ వెతకడానికి, మాట కూర్చుకోవడానికి ఆ ఐదు సెకన్లూ కావాలి.

పేజీకి ఒకటి, మహా అయితే రెండు ప్రశ్నలు. అంతకు మించితే పరీక్ష అయిపోతుంది. కొత్త పుస్తకం మొదటిసారి పెద్దగా ఆపకుండా చదవండి, కథ తెలియాలి కదా. రెండోసారి, మూడోసారి నుంచి మాటలు పెంచండి.

పుస్తకంల మాటలు మా ఇంట్ల మాటలు కావు. ఏది చెప్పాలె?

రెండూ చెప్పాలి. పుస్తకంలో గేదె అని ఉంటే గేదె అనే చదవండి, వెంటనే "మన బర్రె" అనండి. దాహం దగ్గర దూప, దారి దగ్గర తొవ్వ, చొక్కా దగ్గర అంగి, గోంగూర దగ్గర పుంటికూర, మొక్కజొన్న దగ్గర మక్క. పిల్ల ఒక వస్తువుకు రెండు పేర్లు నేర్చుకుంటుంది, గందరగోళపడదు. గేదె, బర్రె, బఫెలో మూడూ ఒకటేనని నాలుగేళ్ల పిల్ల హాయిగా చెప్పగలదు.

తప్పు జరిగేది రెండు రకాలుగా. కొందరు పుస్తకం మాటే అసలు తెలుగనుకుని ఇంటి మాట మింగేస్తారు. ఆ పిల్ల పెద్దయ్యాక తన బాపమ్మ మాట మోటు అనుకుంటుంది. ఇంకొందరు పుస్తకం మాట పూర్తిగా మార్చి చదువుతారు. అప్పుడు అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లకు పేజీ మీద "గే" కనబడుతుంటే చెవికి "బ" వినబడుతుంది. చదివేటప్పుడు పుస్తకం మాట, మాట్లాడేటప్పుడు ఇంటి మాట. వరంగల్ వాసి కాళోజీ నారాయణరావు పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంటి మాటకు ఇంట్లోనే చోటు లేకపోతే ఆ రోజుకు అర్థం లేదు.

వస్తువు దొరికితే పక్కన పెట్టండి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, కట్ల పూలు ఇంటికి వస్తాయి. పువ్వు చేతిలో, బొమ్మ పేజీలో. ఇంతకు మించిన పాఠం లేదు.

మనుమరాలు ఇంగ్లీష్ మీడియం. తెలుగులో అడిగితే ఇంగ్లీష్‌లో జవాబిస్తది.

ఇవ్వనివ్వండి. ఆమె "ది డాగ్ ఈజ్ స్లీపింగ్" అంటే "ఆఁ, కుక్క పండుకున్నది" అని మీరు తెలుగులో కలపండి. "తెలుగులో చెప్పు" అని పట్టుబడితే పిల్ల మాట్లాడటమే మానేస్తుంది. ఇంట్లో ఇంగ్లీష్ బొమ్మల పుస్తకాలే ఉంటే వాటినీ తెలుగులో చెప్పవచ్చు. వాక్యం వాక్యం తర్జుమా చేయబోకండి, నాలుక తడబడుతుంది. బొమ్మ చూసి మీ కథ మీరు చెప్పండి. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు కాబట్టి, ఇంట్లో విన్న తెలుగు బడిలోనూ అక్కరకు వస్తుంది.

అదే పుస్తకం రోజూ కావాలంటడు. కొత్తది ముట్టడు.

చదవండి. ఇరవయ్యోసారీ చదవండి. పిల్లవాడికి తర్వాత ఏం వస్తుందో తెలుసు, ఆ తెలిసిన సంతోషం కోసమే అడుగుతాడు. మాటలు నోటికి వచ్చేదీ అప్పుడే. వాక్యం చివరి మాట వదిలేసి ఆగండి, తను పూర్తి చేస్తాడు. కొత్త పుస్తకాన్ని దాని పక్కన పెట్టి ఉంచండి, అంతే.

చదువుతున్నప్పుడు తప్పులు దిద్దాలా?

ఒకటి రెండు తరగతుల పిల్లలు పైకి చదివేటప్పుడు ఆగితే ఐదు సెకన్లు చూడండి. రాకపోతే మాట చెప్పేసి ముందుకు నడిపించండి. "క చెప్పు, కాకు దీర్ఘం చెప్పు" అని గుణింతం మొదలుపెడితే కథ పోతుంది. అర్థం మారే తప్పు ఉంటే దిద్దండి. "వచ్చాడు"ను "వచ్చిండు" అని చదివితే అది తప్పే కాదు, అర్థం చేసుకుని ఇంటి భాషలో చదివింది.

ఎక్కడెక్కడ ఆగుతారో ముందే తెలిస్తే ఓపిక ఉంటుంది. మ, య పోలికలో దగ్గర. పు, వులకు కొమ్ము మిగతా అక్షరాల మాదిరి కాకుండా కిందికి దిగి తగులుతుంది, అందుకని వు, మ కలగలిసిపోతాయి. ద, ధ మధ్య, బ, భ మధ్య తేడా చిన్న గీతే. అన్నింటికన్నా వత్తులు కష్టం. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. అమ్మ, అన్న, పిల్ల, కత్తి అనే మాటలు పిల్లకు కంటితోనే పట్టుబడతాయి కాబట్టి, కొత్త మాటలో మ వత్తు దగ్గర ఆగితే "అమ్మలో ఉన్నదే" అనండి. చాలు.

రోజుకు రెండు మూడు తప్పులకు మించి దిద్దవద్దు. పక్కింటి పిల్లతో పోల్చవద్దు.

ఇద్దరు మనుమలు, వయసు తేడా నాలుగేళ్లు.

పెద్దదానికి సరిపోయే కథ, చిన్నదానికి సరిపోయే బొమ్మలు ఉన్న పుస్తకం తీయండి. పేజీ తిప్పే పని చిన్నవాళ్లకు, పేజీలో ఒక వాక్యం చదివే పని పెద్దవాళ్లకు. మీరు మధ్యలో కూర్చోండి. వాళ్లిద్దరూ పక్కపక్కన ఉంటే మోచేతుల యుద్ధంతోనే సరిపోతుంది.

కొడుకు అమెరికాలో, మనుమడూ అక్కడే. వీడియో కాల్‌లో చదవడం కుదురుతుందా?

కుదురుతుంది, వేళ ముందే లెక్కగట్టుకుంటే. డాలస్‌లో పిల్ల పడుకునే ముందు రాత్రి ఏడున్నర అంటే మనకు మర్నాడు పొద్దున ఆరు. న్యూజెర్సీ అయితే పొద్దున ఐదు. ఇది మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా లెక్క. తర్వాత వాళ్ల గడియారం మారుతుంది, మనకు ఒక గంట ఆలస్యమవుతుంది. పొద్దున ఆరుకే అని గుర్తు పెట్టుకుని నవంబర్‌లో గంట ముందే లేచి కూర్చునే తాతలు ఎందరో. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఇది తిరగబడుతుంది, పిల్ల ఇక్కడ తాత దగ్గర, బాపు దుబాయిలో. దుబాయి మనకన్నా గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. బాపు ఫోన్‌లో చదివితే తాత ఇక్కడ పేజీ తిప్పవచ్చు.

ఒకే పుస్తకం రెండు కాపీలు ఉంటే అన్నిటికన్నా మేలు. ఒకటే ఉంటే ఫోన్‌ను చేత్తో పట్టుకోవద్దు, స్టాండ్‌కో స్టీలు డబ్బాకో ఆనించండి. కిటికీ మీ వెనక ఉండకూడదు, ముఖం నల్లగా కనబడుతుంది. పేజీ చూపించగానే మీ తెరమీద అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కంగారుపడకండి, సెల్ఫీ కెమెరా మీకు మీ బొమ్మను అద్దంలోలా చూపిస్తుంది, అవతల పిల్లకు సరిగ్గానే కనబడుతుంది. మాట అవతలికి చేరడానికి ఒక క్షణం పడుతుంది కాబట్టి ప్రశ్న అడిగాక ఐదు కాదు, ఎనిమిది లెక్కపెట్టండి. పది నిమిషాలు దాటనివ్వకండి.

ఫోన్‌లో కథలు చూపిస్తే సరిపోదా?

సరిపోదు. వీడియో ఆగదు, అడగదు, పిల్ల చూపించిన తోకను చూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాది పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదు. ఫోన్‌లోనే పుస్తకం పేజీలు తెరిచి, పక్కన కూర్చుని మీరు చదివితే అది వేరే సంగతి.

తెలుగు పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరుకుతయ్?

ముందు గ్రంథాలయానికి పోండి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరు కడుతూనే ఉన్నారు. హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నాటిది. మనుమణ్ని ఒకసారి తీసుకుపోయి, ఈ ఊళ్లో పుస్తకానికి ఇంత వయసుందని చూపించండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, పిల్లలతో మొదటిసారి పోవడానికి మంచి వేళ. అరువు తెచ్చిన పుస్తకాలను విడిగా ఒక సంచిలో పెట్టండి, ఇంటి పుస్తకాల్లో కలిసిపోతే గడువు దాటుతుంది.

కొనాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే సంస్థల ప్రచురణలు చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం, అచ్చు తీసుకోవచ్చు కూడా. అక్కడ నాలుగు స్థాయిలు ఉంటాయి. మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా. పిల్ల తనే చదవాలంటే ఒకటో స్థాయి, మీరు చదివి వినిపించాలంటే ఒక స్థాయి పైది తీయండి. కొనే ముందు ఒక పేజీ మూరెడు దూరంలో పట్టుకుని వత్తులు విడిగా కనబడుతున్నాయో లేదో చూసుకోండి.

పుస్తకం కొనలేం. ఇంట్లనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పిల్లలకు కొన్నదానికన్నా ఇదే ఇష్టం. కావలసినవి నాలుగు ఏ4 కాగితాలు, అట్టకు ఒక దళసరి కాగితం, దబ్బనం, సూది, 60 సెంటీమీటర్ల గట్టి దారం. కాగితాలను మధ్యకు మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చి అట్ట పైన వేస్తే పదహారు పేజీలు. మడత పొడవు 21 సెంటీమీటర్లు. దాని నడుమ ఒక గుర్తు, దానికి పైన ఐదు సెంటీమీటర్ల దూరంలో ఒకటి, కింద ఐదు సెంటీమీటర్ల దూరంలో ఒకటి పెట్టండి. కాగితాలు కదలకుండా రెండు క్లిప్పులు పెట్టి, మూడు గుర్తుల మీదా దబ్బనంతో పొడవండి. ఈ పని పెద్దలదే. పొడవకుండా సూదితో కుట్టబోతే కాగితాలు జరిగి పేజీలు వంకరపోతాయి.

కుట్టు లోపలి నుంచి మొదలు. నడిమి చిల్లు నుంచి బయటికి, పై చిల్లు నుంచి లోపలికి, లోపలే నడిమి చిల్లును దాటేసి కింది చిల్లు నుంచి బయటికి, మళ్లీ నడిమి చిల్లు నుంచి లోపలికి. రెండు దారం కొసలూ లోపలి పొడవు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉండాలి, అప్పుడు ముడి వేయండి. దారాన్ని మడత వెంబడి లాగాలి, అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది.

లోపల ఏం రాయాలంటే, ఇంటి మాటలే. పేజీకి ఒక వస్తువు: గంప, సర్వ, విసుర్రాయి, పెయ్య. బొమ్మ పిల్ల వేస్తుంది, పేరు ఎవరికి రాత వస్తే వాళ్లు రాస్తారు, దానితో ఏం చేసేవాళ్లో బాపమ్మ చెబుతుంది. స్కెచ్ పెన్నులు వెనకపేజీకి దిగుతాయి, క్రేయాన్లు వాడండి.

పుస్తకాలు చినుగుతయ్, చెదలు పడుతయ్.

సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు పసుపుబారి, జిగురు కారి పక్క పేజీకి అంటుకుంటుంది. పలుచని తెల్ల కాగితం పేలికను మైదా పిండి ఉడికించిన జిగురుతో చిరుగు మీద వేసి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. తడి ఉండగా మూస్తే పేజీలు అతుక్కుంటాయి, మధ్యలో పాలిథిన్ ముక్క పెట్టండి. పుస్తకాలను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి, నేల మీద అసలు పెట్టకూడదు. వానకాలం పోయాక ఒకసారి అన్నీ తీసి దులిపి, నీడన గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగులు వెలుస్తాయి, అట్టలు వంగుతాయి. పిల్లలకు అందే ఎత్తులోనే సర్దండి.